కాకి ముట్టిన విస్తరి

వీరమ్మ మొగుడు సత్తియ్య కార్తీకమాసపు గాలివానలో సముద్రం మీద చిక్కుకుపోయాడు. బర్మా దేశపు రంగానికి పొగ ఓడలు తిరుగుతున్న రోజుల మాట ఇది. యానానికి దిగువన, గోదారి సముద్రంలో కలిసేచోట పల్లెవాళ్ళ పేట వాళ్ళది. నాగుల చవితి మర్నాడు నలుగురు ఒకే పడవలో వేటకెళ్ళారు. గాలివాన వెలిశాక పడవ చెక్కలు ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. వాటి వెనకే ముగ్గురి శవాలు వచ్చాయి. సత్తియ్య మాత్రం రాలేదు.

ఆ రాకపోవడమే వీరమ్మ కొంప ముంచింది. మిగతా ముగ్గురి పెళ్ళాలూ గుండెలు బాదుకుని ఏడ్చారు, గాజులు పగలగొట్టుకున్నారు, దినాలు చేశారు. వాళ్ళ ఏడుపుకు ఒక దారంటూ దొరికింది. వీరమ్మకు అదీ లేదు. శవం కళ్ళపడకుండా ఆడదాని గాజులు తియ్యకూడదని ఆ పేట కట్టుబాటు. పైగా అత్త మరిడమ్మ గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నా కొడుకు బతికే ఉన్నాడు. ఏ ఓడవాళ్ళో ఎక్కించుకుని ఉంటారు. నా కోడలి గాజుల మీద ఎవరైనా చెయ్యేశారో, ఆ చెయ్యి విరిచేత్తాను!" అని కేకలేసింది. మరిడమ్మ నోరంటే పేటంతా హడలు. వీరమ్మ గాజులు చేతులకే ఉండిపోయాయి.

అక్కణ్ణించి పండగ వస్తోందంటే చాలు, వీరమ్మ గుండెల్లో రాయి పడేది. మామూలు రోజుల్లో ఏముంది! చేపలు ఎండబెట్టుకోవడం, తట్ట నెత్తినెత్తుకుని యానాం పోవడం, అమ్ముకుని రావడం. చేపలు కొనేవాళ్ళు నువ్వు ముత్తయిదువవా కాదా అని అడగరు. పండగ అడుగుతుంది. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టినప్పుడు, కొడుక్కని తెచ్చిన పంచెను మరిడమ్మ ఆ వరసలో పెట్టలేదు. వచ్చాక కట్టుకుంటాడని మడిచి దూలం మీద దాచింది. శివరాత్రికి కోడల్ని ద్రాక్షారామం లాక్కెళ్ళి భీమేశ్వరుడి ముందు మెడ వంచి మొక్కించింది. ఉగాది వెళ్ళాక పక్కింట్లో పేరంటం జరిగింది. పిలుపుకు బయల్దేరిన ఆవిడ అటు గుమ్మంలో బొట్టు పెట్టి, వీళ్ళ గుమ్మం దాటేసి, ఇటు గుమ్మంలోకి వెళ్ళిపోయింది. వీరమ్మ తలుపు చాటునుంచి అంతా చూసింది.

వానాకాలం వేటకు ముందు గంగమ్మ సంబరం చేస్తారు. పడవల మీద వెళ్ళేవాళ్ళ పెళ్ళాలు పడవ ముక్కుకు పసుపు రాసి బొట్టు పెడతారు. వీరమ్మ కూడా పసుపు గిన్నె పట్టుకుని వెళ్ళింది. కులపెద్ద పెళ్ళాం ఎదురొచ్చి చెయ్యి పట్టుకుంది.

"నువ్వు కాసేపు పక్కనుండమ్మా వీరమ్మా. ఏమీ అనుకోకు. మగాళ్ళు నీళ్ళ మీదకెళ్ళేవాళ్ళు కదా."

"పోనీ, ఆ ముగ్గురి పక్కన కూర్చోనా?" అంది వీరమ్మ, దూరంగా ముసుగులేసుకుని కూర్చున్న విధవలను చూపిస్తూ.

"అయ్యో! మెళ్ళో తాడుండగా వాళ్ళ పక్కనేంటే, అశుభం!"

ఆ మహాతల్లి చెడ్డగా ఏమీ అనలేదు, ప్రేమగానే అంది. మరి వీరమ్మ ఎక్కడ కూర్చోవాలి? ఆ ముక్క మాత్రం ఎవరూ చెప్పలేదు. డప్పులు ఆగేదాకా గిన్నె పట్టుకుని ఇసుకలోనే నిలబడి, గిన్నె ఏటిలో కడుక్కుని ఇంటికొచ్చింది.

భాద్రపదం వచ్చింది, పెద్దల అమావాస్య దగ్గర పడింది. ఆ ముగ్గురి ఇళ్ళలోనూ పోయినవాళ్ళకు ఏమేం వండాలో మాట్లాడుకుంటున్నారు. ఆ మాటలు విన్న దగ్గర్నించీ వీరమ్మకు ముద్ద దిగలేదు. సత్తియ్య పోయుంటే, ఏడాదిగా ఆకలితో తిరుగుతున్నాడన్నమాట. దినం లేదు, పిండం లేదు, పిలిచి పెట్టిన దిక్కు లేదు. అసలే ఆకలికి ఓర్చుకోలేని మనిషి! పోనీ పెడదామా అంటే, బతికున్నవాడి పేరున చచ్చినవాడి విస్తరి వేస్తే వాడి ఆయుష్షు తెగుతుందంటారు. పెట్టకపోతే ఒక పాపం, పెడితే ఇంకో పాపం. అత్తనడిగింది. మరిడమ్మ చెంప పగలగొట్టింది.

అమావాస్య నాడు మరిడమ్మ తట్టెత్తుకుని యానాం వెళ్ళింది. వీరమ్మ తలుపేసుకుని, వరద నీటికి ఎదురెక్కిన ఆఖరి పులసల్లో ఒకదాన్ని బెండకాయలేసి పులుసు పెట్టింది. సత్తియ్యకు ప్రాణం అది. పెరట్లో విస్తరి వేసి, అన్నం పెట్టి, పులుసు పోసి, "రా మావా, తిను" అని పిలిచింది. పిలిచిందో లేదో కాకి వాలింది! బెదరకుండా, అటూ ఇటూ చూడకుండా మెతుకు మిగల్చక తినేసింది. వీరమ్మ అక్కడే కూలబడి ఏడాదిగా బిగబట్టిన ఏడుపంతా ఏడ్చింది. మొగుడు పోయాడన్నది ఖాయమైంది. పోనీలే, కడుపు నిండా తిన్నాడు. ఆ రాత్రి ఆవిడకు నిద్రపట్టింది.

అత్తకు చెప్పలేదు. ఎలా చెబుతుంది? దసరా వెళ్ళి అట్లతద్ది వచ్చింది. మరిడమ్మ తనే పిండి రుబ్బి, కోడలి చేత ఉపవాసం పట్టించి, ఉయ్యాలెక్కించి, తనే ఊపింది. మొగుడి ఆయుష్షు కోసం నోము! వీరమ్మ పొద్దంతా పచ్చి మంచినీళ్ళు ముట్టకుండా ఉయ్యాల మీద ఊగుతూనే ఉంది. చూసేవాళ్ళు సిగ్గనుకున్నారు గాని, ఆవిడ తల దించుకున్నది అందుకు కాదు.

కార్తీకం తిరిగొచ్చింది. నాగుల చవితికి అత్తాకోడళ్ళు పుట్టలో పాలు పోసి వస్తుంటే, పక్క పేట తాతాజీ ఎదురయ్యాడు. రంగంలో బియ్యం మిల్లు పని మానుకుని, కాకినాడ రేవులో దిగి వస్తున్నాడు.

"పెద్దమ్మా, మీ సత్తియ్య నాతోనే పనిచేశాడు" అన్నాడు.

మరిడమ్మ పాలచెంబు వదిలేసింది. "బతికే ఉన్నాడు! చెప్పలేదటే వీరీ, నేను చెప్పలేదటే!"

తాతాజీ తలెత్తలేదు. "ఓ ఓడవాళ్ళు నీళ్ళలోంచి తీసి రంగం ఒడ్డునేశారట. కాలిరిగి చాన్నాళ్ళు మంచంలో ఉన్నాడు. ఇటేపు వచ్చేవాడు దొరక్క కబురు పంపలేకపోయాం. దసరా వెళ్ళాక ఇద్దరం ఓడెక్కుదామనుకున్నాం. పెద్దల అమావాస్య నాడు మనవాళ్ళమంతా వండుకున్నాం పెద్దమ్మా. విస్తరి ముందు కూర్చున్నవాడల్లా లేచిపోయాడు. ఏంట్రా అంటే, కడుపు నిండిపోయినట్టుందన్నాడు. ఆ సాయంత్రమే జ్వరం తగిలింది. మరి మెతుకు ముట్టలేదు. దసరా లోపలే..."

చూడండి ఆవిడ రాత! బతికున్నవాడికి పిండం పెట్టింది, పోయినవాడి ఆయుష్షుకు ఉపవాసం ఉంది. సముద్రం వదిలేసిన మొగుణ్ణి తన చేత్తో పెట్టిన పులుసు తీసుకుపోయిందని వీరమ్మ నమ్మింది. జ్వరమమ్మా అది, జ్వరానికి ఎవరికైనా తిండి సయించదు అని చెప్పేవాళ్ళెవరు? చెప్పాలంటే ముందు ఆవిడ నోరు విప్పాలి కదా.

గాజులు పగిలిన రోజు మరిడమ్మ కోడల్ని కావిలించుకుని గొల్లుమంది. "నీ నోములే తల్లీ, వాణ్ణి అన్నాళ్ళు నిలబెట్టాయి! పెళ్ళామంటే నువ్వే పెళ్ళానివి!" అంది. ఇరుగమ్మలు కళ్ళొత్తుకున్నారు. వీరమ్మ కంట చుక్క రాలేదు.

మళ్ళీ పెద్దల అమావాస్య వచ్చింది. ఈసారి మరిడమ్మే పులస తెచ్చింది. దూలం మీది పంచె దించి విస్తరి పక్కన పెట్టి, కొడుకును పేరుపెట్టి పిలిచింది. కాకి రాలేదు. మళ్ళీ పిలిచింది. కాకులు గోడ మీద వాలాయి, విస్తరి వంక చూశాయి, ఎగిరిపోయాయి.

"ఏం కావాల్రా నాయనా? ఏంటిరా నీ కోపం?" అని ముసలిది ఆకాశానికి చేతులు జోడించింది.

"కోపం కాదత్తా," అంది వీరమ్మ. "ఆకలుండదు. పోయినేడు నువ్వు యానాం వెళ్ళినప్పుడు నేను పెట్టేశాను. ఆ రోజే కడుపు నిండిపోయింది."

మరిడమ్మ జోడించిన చేతులు దించి, కోడలి బోడి చేతులకేసి చూస్తూ ఉండిపోయింది.