వీర్రాజు గారి వాచీ ఎందుకు ఉరికింది

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, ఎండాకాలం. పటాన్‌చెరులో పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో నేను మెయింటెనెన్స్ ఫిట్టర్‌ని. డ్యూటీ దిగాక వరండాలో బల్ల వేసుకుని చేతి గడియారాలు బాగుచేయడం నా సరదా. నా ట్వీజర్‌తో చీమ కనురెప్పనైనా పట్టుకోగలనని కాలనీలో చెప్పుకునేవాణ్ని. ఒక చీమ వచ్చి సాక్ష్యం కూడా ఇచ్చింది, కానీ ఆ పూట వినడానికి ఎవరూ లేరు.

రెండు వీధుల అవతల ఉండే లలిత ఓ సాయంత్రం తండ్రి వీర్రాజు గారి వాచీ తెచ్చింది. కీ ఇచ్చే పాతకాలపుది. ఆయన గోదావరి వైపు నుంచి ప్రభుత్వ ప్లాంటులో ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. ఈమధ్యే బాత్రూంలో జారిపడితే తుంటికి ఆపరేషన్ అయింది.

“నడవకపోతే కాలు బిగుసుకుపోతుందన్నారు డాక్టర్ గారు. నాన్నకేమో పొద్దున్నే దీనికి కీ ఇచ్చాకే మంచం దిగే అలవాటన్నా. ఇది ఆగిపోయింది. బాగయ్యాక లేస్తాలే అని పడుకున్నారు. పన్నెండు రోజులైంది.”

“రెండు దినాలల్ల ఉరికిస్త చెల్లె. పరేషాన్ గాకు” అన్నాను.

కంటికి లూప్, అంటే చిన్న భూతద్దం, బిగించి వాచీ విప్పాను. విప్పిన భాగాలను మా ఇంటి పాత ఇడ్లీ రేకులో వరసగా గుంటకొకటి పెడతాను. పెట్రోలుతో కడిగి, సూది మొనతో నూనె చుక్కలు వేస్తుండగా ఆవగింజలో సగం కూడా లేని ఒక స్క్రూ ఎగిరిపోయింది. ఊరవతల వెలిమెల దాకా పోయి అక్కడ ఫ్లాటు బుక్ చేసుకుందేమో అనుకున్నాను. ఫ్యాక్టరీలో నట్టు పడితే మేం అయస్కాంతంతోనే వెతుకుతాం. పాత స్పీకరు అయస్కాంతం తెచ్చి నేలంతా తిప్పితే నా చెప్పు కింద దొరికింది. అయస్కాంతాన్ని ఇడ్లీ రేకు పక్కనే ఉంచి మిగతా పని కానిచ్చాను.

వాచీ నిజంగానే ఉరికింది. రోజుకు గంట ముందుకు.

“నాకంటే ముందే టిఫిన్ చేసేస్తోంది, ఇదేం బాగవడమని మళ్లీ పడుకున్నారు” అంది లలిత. రెండుసార్లు కడిగాను. ఫలితం లేదు. మూడోసారి ఆయనే నన్ను పిలిపించారు.

“పటాన్‌చెరు గాలి సార్ ఇది. గడియారాలకు గూడ షిఫ్టు జల్దీ అయిపోవాలె” అన్నాను.

ఆయన నవ్వలేదు. “కిందపడిన స్క్రూ దేంతో వెతికావయ్యా?”

స్క్రూ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. “కండ్లతోటి” అన్నాను.

లలిత చేత దిక్సూచి తెప్పించి వాచీ మీద పెట్టారు. ముల్లు గజగజలాడింది.

“కళ్లల్లో అయస్కాంతం ఉందన్నమాట” అన్నారు వీర్రాజు గారు. ప్లాంటులో ఆయన ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ అని నాకు అప్పుడే తెలిసింది. వాచీలో వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగ్ ఉంటుంది. దానికి అయస్కాంతం పడితే చుట్లు ఒకదానికొకటి అంటుకుని వాచీ పరుగెత్తుతుంది.

“డీమాగ్నెటైజర్ ఉందా నీ దగ్గర?”

“లేదు సార్. పేరు పుస్తకంల సూసిన.”

“చదివావా?”

“కడిగేదాంక చదివిన.”

పట్టిన అయస్కాంతాన్ని వదిలించే తీగచుట్ట అది. ఆయన స్వయంగా చుట్టుకున్నది వెనక గదిలో, పనిముట్ల పెట్టెలో ఉందట. నేను లేచాను.

“నువ్వాగు. నా పెట్టెలో చెయ్యి పెట్టావో, ఉన్నవన్నీ కలిపేస్తావ్.”

వాకర్ మీద బరువు వేసి ఆయన లేచారు. ఒక్కో అడుగుకు పళ్లు బిగించి, దారంతా నన్ను తిడుతూ వెనక గదికి వెళ్లారు. లలిత రెండు చేతులూ చాచి వెనకే నడిచింది కానీ పట్టుకోలేదు. కరెంటిచ్చిన తీగచుట్ట మీదుగా ఆయన వాచీని మెల్లగా దూరం జరిపారు. ఈసారి వాచీ మీద పెడితే దిక్సూచి ముల్లు కదలలేదు. మర్నాటికి వాచీ రేడియోతో సమానంగా నడిచింది.

అప్పటి నుంచి నా అయస్కాంతం ఫ్యాక్టరీ లాకర్‌లోనే ఉంటోంది. పుస్తకం చివరి దాకా చదివాను. పని తెలియని చోటే నాకు మాటలెక్కువని కూడా తెలిసింది. అలాగని మానలేదు. ఆయన్ని మంచం దింపడానికి కావాలనే అయస్కాంతం పట్టించానని ఈమధ్య కాలనీలో చెప్పుకుంటున్నాను. లలిత కూడా ఔనంటోంది.

ఒప్పుకోనిది వీర్రాజు గారొక్కరే. ఆదివారం పొద్దున ఊతకర్రతో రెండు వీధులూ నడిచి వస్తారు. కుర్చీలో కూర్చోకముందే జేబులోంచి దిక్సూచి తీసి నా బల్ల మీద పెడతారు.