పదకొండో డిష్

జపాన్‌లో, కనజావాలోని ప్రయోగశాలలో కువాబరా ముప్పయ్యేళ్లుగా సహాయకుడు. పొద్దున్నే మోచేతుల దాకా చేతులు కడుక్కుని, దాతలు తొడ నుంచి ఇచ్చిన కండర కణాలు పెరిగే గాజు డిష్‌లకు ఒక్కొక్కదానికీ దణ్ణంగా తల వంచుతాడు. పదకొండోదాన్ని మాత్రం దాటేస్తాడు. తర్వాత కరెంటు పెడతాడు. కణాలు ముడుచుకుంటాయి, లోపల కాల్షియం రంగుమందు వల్ల ఆకుపచ్చగా మెరుస్తుంది, వాపు తెచ్చే అణువులు బయటికొస్తాయి. మందుతో కాల్షియాన్ని అడ్డుకుంటే ఆ అణువులు తగ్గాలి. అన్నిట్లో తగ్గాయి, పదకొండులో తగ్గలేదు.

“ఈ ముసలి కండ మన ఫలితాలన్నీ పాడుచేస్తోంది. పారేద్దామా కువాబరా గారూ? మీరు కూడా దీనికి దణ్ణం పెట్టరుగా!” అంది పరిశోధకురాలు మినాసె.

కువాబరా తొడమీది పాత కుట్ల మచ్చను ప్యాంటు పైనుంచే తడుముకున్నాడు.

“నాకు నేనే దణ్ణం పెట్టుకుంటే నవ్వరూ? తగ్గలేదనే రాయమ్మా.”