చేతులు మారే పళ్లెం

ఐరోపాలో జట్లాండ్ అనే ప్రాంతంలోని ఒక చిన్న ఊరి పిల్లల బడిలో ఇరవై రెండేళ్లుగా వంట బోదిల్‌దే. గురువారం వచ్చిందంటే మాంసం ఉండలు. ఉల్లిపాయ తురుము, గుడ్డు, నానిన రొట్టె వేసి, చెయ్యి నొప్పి పుట్టేదాకా కలిపి, వెన్నలో వేయించేది.

బల్లకు ఎనిమిది మంది పిల్లలు, బల్లకు ఒక పళ్లెం. ఎవరికి కావలసింది వాళ్లే వడ్డించుకుని, రెండు చేతులా పట్టి పక్కవాళ్లకి అందించాలి. మూడేళ్ల పిల్లలకైనా అదే పద్ధతి.

పంది మాంసం ముట్టని సోమాలీ ముస్లిం కుటుంబాలు వచ్చిన కొత్తలో ఆమె రెండు పళ్లేలు పెట్టింది. పంది మాంసానిది ఒకటి, దూడ మాంసానిది ఒకటి. నెల తిరక్కుండానే పిల్లలు పళ్లేన్ని బట్టి కూర్చోవడం మొదలుపెట్టారు. ఎవరూ చెప్పలేదు. అది చూసి బోదిల్ రెండో పళ్లెం బీరువాలో పెట్టేసింది. వాళ్లు కొనుక్కునే హలాల్ కొట్టునుంచే దూడ మాంసం తెచ్చి అందరికీ అదే వండింది. తొమ్మిదేళ్లు ఎవరికీ పట్టలేదు.

ఈసారి కౌన్సిల్ ఎన్నికల్లో పట్టింది. గెలిచినవాళ్లు, ఊరి బడి వంటగదులన్నిటిలో పంది మాంసం ఉండాలని తీర్మానించారు. తల్లిదండ్రుల సమావేశానికి కౌన్సిల్ సభ్యుడు ప్రెబెన్ కూడా వచ్చాడు. బోదిల్, అతనూ చిన్నప్పుడు ఒకే వీధి.

"ఏం బోదిల్, మన తిండంటే నీకు సిగ్గేసిందా?"

"నీ పెళ్లికి పంది మాంసం కాల్చింది ఎవరు? మూడుసార్లు వడ్డించుకున్నావు, మర్చిపోయావా?"

అందరూ నవ్వారు. లీవ్ అనే ఒక పాప తల్లి లేచింది. "బోదిల్ ఇన్నాళ్లూ మైనారిటీల కోసం పోరాడింది. మేమంతా ఆమె వెనకే!"

"వెనక నిలబడకమ్మా, వేడి బాణలితో తిరుగుతుంటాను," అంది బోదిల్. "నేను పోరాడలేదు. పిల్లలు విడివిడిగా కూర్చుంటుంటే చూడలేకపోయాను. పళ్లెం ఒకటే ఉండనివ్వండి. అంతే."

చివర్న, కోటు వేసుకుంటూ, సోమాలీ పాప ఇఫ్రా తల్లి హోదన్ మెల్లిగా అంది: "మా పిల్లకి వేరే పెట్టినా ఫర్వాలేదు బోదిల్. మా పేరు పేపర్లో పడకుండా చూడు, చాలు."



తర్వాతి గురువారం ప్రతి బల్ల మధ్యనా, రొట్టె పక్కన, దానిమీద రాసుకునే పంది కాలేయపు ముద్ద ఒక గిన్నెలో పెట్టింది. తీర్మానం పాటించినట్టే అయింది. పళ్లెంలో మాత్రం ఎప్పటి ఉండలే. ఎగ్గొట్టిందని ప్రెబెన్ అన్నాడు, లొంగిపోయిందని లీవ్ పలకరించడం మానేసింది.

బోదిల్ వంటగది కిటికీలోంచి కుర్చీలే చూస్తూ నిలబడింది. ఎవరూ చోటు మారలేదు. కానీ ఇఫ్రా ముందు ఇంటినుంచి తెచ్చిన డబ్బా ఉంది.

పళ్లెం ఇఫ్రా దాకా వచ్చింది. ఆ పిల్ల ఒక్క ఉండా తీసుకోలేదు. రెండు చేతులా పట్టుకుని, ఏదీ జారిపడకుండా, పక్కనున్న ప్రెబెన్ మనవడికి అందించింది.

బోదిల్ పొయ్యి దగ్గరికి తిరిగి వెళ్లింది. రెండో పళ్లెం ఉన్న బీరువా తెరవలేదు.