అర డిగ్రీ

ఆఫీసులో ఆయన్ని అందరూ పాదరసం గారనేవాళ్ళు. చాటుగా కాదు, మొహం మీదే. ఆయనకీ అది బిరుదులాగే వినిపించేది. పరిశోధన కేంద్రం వెనక, కంచె వేసిన చిన్న గడ్డి మడిలో, నాలుగు థర్మామీటర్లు నాలుగు లోతుల్లో పాతి ఉంటాయి, అంకెలున్న భాగం మాత్రం నేల పైకి ఉంటుంది. పొద్దున ఏడింటికీ మధ్యాహ్నం రెండింటికీ వాటిని చూసి, బెత్తెడు లోతున నేల ఎంత వేడిగా ఉంది, మూరెడు లోతున ఎంత అని పుస్తకంలో రాయడం ఆయన ఉద్యోగం. ఇరవై ఆరేళ్ళుగా అదే పని. కూతురి పెళ్ళి రోజు కూడా ఇస్త్రీ చొక్కా నలగకుండా మడిలో నిలబడి, నడుం కాస్త వంచి, నాలుగూ చూసి రాసి మరీ పెళ్ళికి వెళ్ళాడు.

మనిషి మంచివాడే. ఒక్కటే జబ్బు, ఇంకొకళ్ళని మెచ్చుకుంటే ఓర్చుకోలేడు. పక్క బల్ల గుమాస్తా చేతిరాత ముత్యాల్లా ఉందని పెద్దాఫీసరు అన్నందుకు, పాపం ఆ గుమాస్తాతో రెండు నెలలు మాటల్లేవు.

అలాంటాయన మీదికి కంప్యూటరమ్మాయి వచ్చి పడింది. ఎండ, గాలి, వాన లెక్కలు ఇస్తే చాలు, ఏ రోజు ఏ లోతున నేల ఎంత వేడిగా ఉంటుందో ఆమె కంప్యూటరు కూర్చున్న చోటునుంచే చెప్పేస్తుందట. కాలికి మట్టి అంటకుండా నేల సంగతి చెప్పడమేమిటని ఆయనకి ఒళ్ళు మండింది. ఆ లెక్క నిజమో కాదో ఆయన పుస్తకంతో పోల్చి చూడాలని విన్నాక కాస్త చల్లబడ్డాడు. మూడు నెలలు పోల్చినా లెక్క కుదరలేదు. ఎప్పుడూ అర డిగ్రీ తేడా. ఆ మూడు నెలలూ ఆయన కాళ్ళు నేల మీద నిలవలేదు.

ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి పిలిచి తెర మీద రెండు గీతలు చూపించింది. ఎర్రది ఆయన రాసింది, నీలంది కంప్యూటరు లెక్క కట్టింది. ఏళ్ళ తరబడి ఎర్ర గీత నీలం గీతకి అర డిగ్రీ పైన పోతోంది. పదేళ్ళ కిందట ఒక్క చోట మాత్రం రెండూ అతుక్కుపోయాయి. ఎనిమిది నెలలయ్యాక మళ్ళీ విడిపోయాయి. నేల గురించి తన లెక్క తప్పయితే ఒక్కో లోతున ఒక్కోలా ఉండాలి, ఇది అన్ని లోతుల్లో ఒకేలా ఉంది, కాబట్టి తేడా నేలలో లేదు, చూసే తీరులో ఉంది అని ఆ అమ్మాయి ఓపిగ్గా చెప్పింది.

"ఆ ఎనిమిది నెలలూ మీరేం చేశారో గానీ సార్, అంత శుభ్రమైన రీడింగులు నేనెక్కడా చూడలేదు" అంది.

ఆ ఎనిమిది నెలలూ ఆయన మంచం మీద ఉన్నాడు. మెట్ల మీద జారి మోకాలు చితికితే రెండు ఆపరేషన్లయ్యాయి. ఇంకొకణ్ణి తన చోట వేస్తారేమోనన్న భయంతో, అప్పటి ఆఫీసరుని బతిమాలి, పక్కనే క్వార్టర్సులో ఉన్న భార్యని పంపించాడు. చూసిందీ రాసిందీ ఆవిడ. సంతకాలు మాత్రం ఆయనవి.

అమ్మాయి ఒక కాగితం చేతికిచ్చింది. ఆ నెలల్లో చూసిందెవరో అందులో రాసివ్వాలి. చూసిన మనిషి వేరైతే సంగతి తేలిపోతుంది, మిగతా ఏళ్ళన్నిటిలో అర డిగ్రీ తీసేసి వాడుకుంటారు. తనే చూశానని ఆయనంటే మాత్రం కారణం దొరకదు, ఆ ఎనిమిది నెలల్నీ పక్కన పడేస్తారు.

పడేస్తే పడేయనీ అనుకున్నాడు పాదరసం గారు. ఇరవై ఆరేళ్ళలో తన రాతని శుభ్రమన్న నోరు ఒక్కటి లేదు. ఇప్పుడు అంటే అన్నది ఆవిడ రాతని. ఇంటికి వెళ్ళేదాకా కడుపు మండుతూనే ఉంది.

భార్య వరండాలో బట్టలు మడతపెడుతోంది. మాటల మధ్య ఏదో గుర్తొచ్చినట్టు, అప్పట్లో థర్మామీటర్లు ఎలా చూసేదానివని అడిగాడు. ఆవిడ లోపలికెళ్ళి చిన్న పీట తెచ్చి ముందు పెట్టింది. పదేళ్ళుగా అది బియ్యం డబ్బా వెనకే ఉందట.

"దీని మీద కూర్చుని, పాదరసం ఎంత ఎత్తులో ఉంటే కన్ను అంత ఎత్తులో పెట్టేదాన్ని. మీలా నిలబడి పైనుంచి చూస్తే ఓ గీత ఎక్కువ కనిపిస్తుంది."

"మరి నాకు చెప్పలేదేం?"

ఆవిడ చేతిలోని తువ్వాలు మడత పూర్తి చేసింది.

"మీరు మళ్ళీ పనిలోకి వెళ్ళిన రోజు చెబుదామని మీ వెంట గేటు దాకా వచ్చాను. పుస్తకం నా చేతిలోంచి లాక్కుని, ఇక నీ పని నువ్వు చూసుకో అన్నారు. చూసుకున్నాను."

ఆ రోజు ఎందుకు లాక్కున్నాడో ఆయనకి బాగా గుర్తుంది. అంతకు ముందురోజు ఆఫీసరు కంచె అవతల నిలబడి, మీ రాత బాగుందమ్మా అనడం, ఆవిడ నవ్వడం కిటికీలోంచి చూశాడు. అప్పుడు మండిన చోటే ఇప్పుడూ మండుతోంది. ఆ తరవాత చాలా రోజులు, అన్నం వడ్డిస్తూ ఆవిడ అడిగేది, ఇవాళ మూరెడు లోతున ఎంతుందని. ఉన్నంత ఉంది అనేవాడు. ఎప్పుడు అడగడం మానేసిందో ఆయన గమనించనే లేదు.

కాగితం తీసి బల్ల మీద పెట్టాడు. చూసినవారు అన్న చోట ఆవిడ పేరు రాశాడు. కలం ఎంత నొక్కాడంటే రెండో అక్షరం దగ్గర కాగితం చిరిగింది.

మర్నాడు ఏడింటికి కంప్యూటరమ్మాయి వచ్చేసరికి పాదరసం గారు ఇస్త్రీ చొక్కాతో గడ్డిలో బోర్లా పడుకుని ఉన్నాడు. ఆపరేషనైన మోకాలు వంగదు, పీట మీద కూర్చోలేడు మరి. పక్కన పీట మీద భార్య, ఒళ్ళో పుస్తకం. ఆయన అంకె చెప్పాడు, ఆవిడ రాసింది.

"కాస్త జరగండి, నేనూ చూస్తాను" అంది.

"నా కళ్ళు బాగానే ఉన్నాయి" అన్నాడు.

ఆవిడ కదల్లేదు. కాసేపటికి ఆయనే జరిగాడు. ఆవిడ వంగి చూసి, రాసిన అంకె కొట్టేసి, పక్కన ఇంకో అంకె వేసింది. ఆయనకి ఒళ్ళు భగ్గుమంది. మళ్ళీ పాక్కుంటూ వెళ్ళి తనే చూశాడు. ఆవిడ వేసిందే సరి.

పుస్తకం అందుకుని సంతకం పెట్టబోయి ఆగాడు. పెన్ను ఆవిడ చేతికిచ్చి, మొహం పక్కకి తిప్పుకుని అన్నాడు.

"ముందు నీది పెట్టు."