దూలం కొసన గాటు

నిన్న అమలాపురం నుంచి వస్తుంటే కాలువ గట్టు మీద మా బస్సు కాసేపు ఆగింది. కింద ఎవరో బురదలోంచి ఒక తాటి మొద్దును పైకి లాగుతున్నారు. మురిగిన నీరు, కుళ్ళిన ఆకు, మాగిన కలప కలిసిన వాసన కిటికీలోంచి లోపలికి వచ్చింది. పక్క సీటులోని ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. నేను మాత్రం ఆ గాలిని నిండుగా పీల్చాను. ఇన్నేళ్ళ తరవాత కూడా నాకు అది మా వడ్రంగి వీరభద్రాచారిగారి వాసనే.

ఆయనను ఎరగనివారి కోసం రాస్తున్నాను కాబట్టి, నిశ్చయంగా తెలిసినదాన్నీ విన్నదాన్నీ ముందే విడదీయడం మంచిది. మా ఇంటికి ఏడు తాటి దూలాలు వేశారు. ఇది నిశ్చయం, నేనే లెక్కపెట్టాను. వాటిలో నాలుగింటికి కొసన ఆచారిగారి ఉలి గాటు ఉంది. ఇదీ నిశ్చయం, ఆయన పెడుతుండగా చూశాను. ఆరేళ్ళకు ఆ ఏడింటిలో రెండు కూలి మా అమ్మ పోయింది. ఆమెను చంపింది ఆచారిగారి దూలమేనని ఊరు చెప్పుకుంది. ఇది విన్నమాట.

డెబ్బైల చివర మాది కొత్తపేట దగ్గరి పల్లెలో రెండు గదుల తాటాకిల్లు, ముందు వసారా. నాన్నగారు మిషన్ బడిలో ఉపాధ్యాయులు. నేను అప్పుడే బీయస్సీ పూర్తి చేసి, ప్రతి మాటకూ రుజువు అడిగే వయసులో ఉన్నాను. అమ్మకు ఉబ్బసం. తుఫానుకు సగం కప్పు ఎగిరిపోగా మిగిలిన ఆకు తడిసి ముక్కిపోయింది. ఆ కప్పు కింద మరో వానాకాలం గడిస్తే అమ్మ నిలవడం కష్టమని డాక్టరు చెప్పాడు. తొలకరిలోగా పెంకు వేయించాలని నాన్నగారు నిశ్చయించి, వడ్రంగి ఆచారిగారిని పిలిపించారు.

ఆయన సన్నటి మనిషి. ఏ మాటకూ తొందరపడేవాడు కాదు. ఇల్లంతా తిరిగి, గోడల మందం జానలతో కొలిచి, వసారా అంచున కూర్చున్నాడు.

"నా దగ్గర కాలువలో నానిన దూలాలు నాలుగే ఉన్నాయండి మాస్టారూ. మిగతా మూడూ ఇప్పుడు కొట్టించి బురదలో పడేస్తే వచ్చే వేసంగికి తయారవుతాయండి."

"అన్నాళ్ళు ఆగలేమయ్యా. లోపల ఆవిడ దగ్గు వినపడుతోంది కదా," అన్నారు నాన్నగారు.

నేను కలగజేసుకున్నాను. "నానబెడితే పురుగు పట్టదని ఎవరు చెప్పారండి? బహుళపక్షంలో కొట్టిన చెట్టుకు పురుగు రాదంటారే, ఇదీ అలాంటిదేనా?"

ఆయనకు కోపం వస్తుందనుకున్నాను. నవ్వాడు. "రెండూ ఒకటి కాదండి అమ్మాయిగారూ. నానని దూలం లోపల పిండైపోవడం ఈ కళ్ళతో చూసేనండి. చంద్రుడి సంగతి మా నాన్న చెప్పగా విన్నానండి. విన్నదాన్ని చూసేనని చెప్తే, అక్కణ్ణించి నేను చూసింది కూడా ఎవరూ నమ్మరండి."

అప్పటికి మూడేళ్ళు ప్రయోగశాలలో గడిపాను. ఆ మాట నాకు అక్కడ ఎవరూ చెప్పలేదు.

చివరికి రేవు దగ్గరి వ్యాపారి వద్ద మూడు దూలాలు కొన్నాం. "నానినవేనంటున్నాడండి. నేను చూళ్ళేదండి," అన్నాడాయన. తన నాలుగింటికీ రెండు కొసల్లోనూ ఉలితో ఏటవాలుగా ఒక్కొక్క గాటు పెట్టాడు. కొన్నవాటికి పెట్టలేదు. తాను స్వయంగా ఎరిగిన కలపకే గాటు పెట్టడం ఆయన పద్ధతి. దాన్ని గోడలోకి పోయే కొసనే పెట్టేవాడు. బయట గాటు పడితే చెమ్మ దిగుతుందని ఆయన లెక్క. ఏడింటినీ ఒకే పొడుగుకు కోసి తారు పూయించాక అన్నీ ఒకేలా కనిపించాయి. గాటు వేలితో తడిమితేనే తెలిసేది. గాటు ఉన్న నాలుగూ గదుల మీద, లేని మూడూ వసారా మీద వేయాలని, వసారాలో ఎవరూ పడుకోకూడదని, రెండేళ్ళలో ఆ మూడింటినీ మార్చేస్తానని చెప్పాడు.

దూలాలు ఎత్తవలసిన రోజున ఆయనకు జ్వరం. నాన్నగారు బడిలో ఉన్నారు. తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది; అమ్మ మంచం ఆకాశం కింద ఉంది. కూలీల పెద్ద సత్తియ్య నా దగ్గరికి వచ్చాడు.

"ఏది ముందు ఎత్తమంటారండి?"

"అన్నీ ఒకే పొడుగు, ఒకే లావు. ఏదైనా ఒకటే. ముందు ఎత్తండి, వాన వచ్చేస్తోంది."

"మరేనండి! బీయస్సీ చదివినోరు చెప్పేక వాన కూడా ఆగి అడుగుద్దండి," అని వాడు నవ్వించాడు. అందరం నవ్వాం. చీకటి పడకముందే ఏడు దూలాలూ గోడలెక్కాయి. కొసల మీద సున్నం మెత్తారు. నేను ఒక్క కొసను కూడా తడిమి చూడలేదు.

మూడో రోజున ఆచారిగారు దుప్పటి కప్పుకుని వచ్చాడు. గుమ్మంలో నిలబడి పైకి చూశాడు. "గాటున్నవి నాలుగూ గదుల మీదేనాండి అమ్మాయిగారూ?"

"ఆయ్, మీరు చెప్పినట్టేనండి," అన్నాను.

ఎందుకలా అన్నానో ఇన్నేళ్ళుగా ఆలోచించాను. సిగ్గుపడ్డానన్నదే నాకు తోచే సమాధానం. ఆయన చెయ్యి గోడ దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. "మీరు చూసేరు కదండి, ఇంకేటండి," అన్నాడు. ఇతరుల మాట మీద ఏ దూలాన్నీ నమ్మని మనిషి నా మాట నమ్మాడు, నేను రుజువులు అడిగే పిల్లనన్న కారణం చేత. రెండేళ్ళకు చెప్పినట్టే వచ్చి, వసారా దూలాలను కర్రతో తట్టి విన్నాడు. "గట్టిగానే పలుకుతున్నాయండి, ఉండనివ్వండి," అన్నాడు. గదుల్లోవాటిని తట్టలేదు. అవి తనవేనన్న నమ్మకం. ఆ నమ్మకం నేనిచ్చిందే.

పెంకు కింద అమ్మ ఆరు వానాకాలాలు తేలికగా ఊపిరి తీసుకుంది. ఏడో వానాకాలం శ్రావణంలో, ముసురు పట్టిన మధ్యాహ్నం, ఆమె కునుకు తీస్తున్న గదిలో ఒక దూలం నడుమ విరిగి, పక్కదాన్నీ పైనున్న పెంకునూ గోడ భాగాన్నీ లాక్కుని కూలింది. నేను అమలాపురం కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. బస్సు దిగి వచ్చేసరికి అమ్మను వసారాలో పడుకోబెట్టారు. ఆమెను బయటికి తీయడానికి ఆ రెండు దూలాలనూ ముక్కలుగా కోశారు. ఆ ముక్కలు పెరట్లో నీళ్ళకాగు కింద మండుతున్నాయి. తడి రోజు, పొడి కట్టె లేదు. అమ్మకు స్నానం చేయించాలి. ఎవరినీ తప్పుపట్టలేను. ఒకదాని లోపలంతా పిండేనని కోసినవాళ్ళు చెప్పారు. కొసలు చూడాలని ఎవరికీ తోచలేదు.

ఆచారిగారు చెక్క పలకలు భుజాన వేసుకుని వానలో వచ్చాడు. అప్పటికే ఊళ్ళో మాట పుట్టింది. ఎవరూ ఆయనకు దారి ఇవ్వలేదు. "మాస్టారండీ, అమ్మగారిని సమాధి చేసే పెట్టె నేను చెయ్యొచ్చాండి?" అని అడిగాడు. నాన్నగారు తల ఊపారు. సాయంత్రం వరకూ వసారా మూల చిత్రిక శబ్దం ఒక్కటే వినిపించింది.

వారం తరవాత ఆయన పాకకు వెళ్ళాను. ఇళ్ళ పనులు చెప్పినవాళ్ళంతా వెనక్కి తీసుకున్నారు. నేలమీద చెక్కపొట్టు కూడా లేదు.

"ఆవేళ నేను అబద్ధం చెప్పానండి. ఏది ఎక్కడ పెట్టారో నేను చూడలేదు. అది మీ దూలం కాదని అందరికీ చెబుతాను."

"చూళ్ళేదని చెప్పండి, అది నిజం. నాది కాదని మాత్రం చెప్పకండి. అది మీకెలా తెలుసండి?" అన్నాడు.

మర్నాడు మిగిలిన కప్పు దించుతుంటే ఆయనా నేనూ గోడ విప్పి, మిగిలిన ఐదు దూలాల కొసలనూ వేళ్ళతో తడిమాం. మూడింటికి గాటు ఉంది. రెండింటికి లేదు. అంటే కూలిన రెండింటిలో ఒకటి ఆయనది, ఒకటి కొన్నది. పురుగు తిన్నది ఏదో, లాగబడి పడినది ఏదో తేలలేదు.

"సగం తెలిసిందండి. సగమే చెప్పాలి," అన్నాడు. వేళ్ళకంటిన సున్నం చూసుకుంటూ, "ఆవేళ ఇది ఇంకా పచ్చిగానే ఉందండి అమ్మాయిగారూ. వేలు పెడితే దిగేది. నేనూ పెట్టలేదు," అన్నాడు.

నేను నాన్నగారికీ ఊరికీ చెప్పాను. నాన్నగారు నాతో చాన్నాళ్ళు మాట్లాడలేదు. ఊరు మాత్రం, పాపం ముసలాణ్ణి కాపాడాలని చెబుతోందనుకుంది. ఆయన మరి ఏ ఇంటికీ దూలం ఎత్తలేదు. మంచాలూ పీటలూ చేసుకుంటూ బతికాడు. అది కొన్న దూలమేనని ఒక్క మాట అంటే చాలామంది నమ్మేవారు. అనలేదు.

తరవాత నేను కాలేజీలో పాఠం చెప్పినన్నాళ్ళూ, నా నోటు పుస్తకంలో స్వయంగా చూసినదాని పక్కన మాత్రమే ఏటవాలు గీత ఒకటి గీసేదాన్ని. పిల్లలు అదేమిటని అడిగితే, వడ్రంగం అనేదాన్ని.

ఈ కాగితం మీద కూడా గీసుకుంటూ వచ్చాను. అమ్మ మీద విరిగిన దూలానికి కొసన గాటు ఉందా లేదా అన్నచోట మార్జిన్ ఖాళీగానే ఉంది. చెప్పగలిగిన ఆ కొస, ఆమె స్నానానికి నీళ్ళు కాచి బూడిదైంది. "మీరు చెప్పినట్టేనండి" అన్న మాట పక్కన మాత్రం గీత ఉంది. దానికి సాక్షి అక్కర్లేదు.