పికప్ ఎత్తు పెంచాం, తోటలో గుంటలు తవ్వాం

2023 వేసవి. నూజివీడులో మైలవరం రోడ్డు మీద మాది టైర్ల కొట్టు. మా ఆయన పంక్చర్లు వేసే రేకుల షెడ్డుగా మొదలుపెట్టారు. ఆయన పోయాక నేనే చూసుకుంటున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. టైరు గోడ మీద అంకెలు చదవడానికి అది చాలు, మిగతాది వచ్చే బండ్లే నేర్పాయి. మామిడి కోతల రోజుల్లో మా కొట్టుకి ఊపిరాడదు. ఏడాదంతా అరిగిన టైరుతో తిరిగినవాడికి కూడా రేపు కోత అనగా ఇవాళ ఆ సంగతి గుర్తొస్తుంది.

సతీష్ అనే కుర్రాడు అలాంటి రోజునే వచ్చాడు. ముప్పై దాటని వయసు. అంతకుముందు ఎరువుల కొట్లో పనిచేసేవాడు. ఆ ఏడాదే మొదటిసారి చాట్రాయి దగ్గర ఒక బంగినపల్లి తోట కౌలుకి తీసుకున్నాడు. తోటకి వెళ్ళే దారిలో రాళ్ళూ ఒక వాగూ ఉన్నాయని పాత ఫోర్ వీల్ డ్రైవ్ పికప్ ఒకటి కొన్నాడు. మామూలు బండికి ఇంజను బలం రెండు చక్రాలకే వెళ్తుంది. దీనికి నాలుగింటికీ వెళ్తుంది.

“మామ్మగారూ, దీన్ని లేపాలండీ,” అన్నాడు.

“ఏం, పడిపోయిందా?”

“కాదండీ. ఎత్తు పెంచాలి. లిఫ్ట్ కిట్ వెయ్యాలి. నాలుగంగుళాలు.”

ఫోన్ తీసి ఒక వీడియో చూపించాడు. ఏదో ఇసుక దిబ్బ మీద నుంచి బండి గాల్లోకి లేచి అవతల దూకుతోంది.

“ఇందులో మామిడికాయలు ఎక్కడున్నాయి?” అని అడిగాను. ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

చదివేవాళ్ళకి ఈ లిఫ్ట్ అంటే ఏమిటో చెప్పాలి. సస్పెన్షన్ అంటే చక్రాలకీ బండి ఒంటికీ మధ్య కుదుపు ఆపే సరంజామా. ముందు స్ప్రింగులుంటాయి, వెనక కమాన్ పట్టీలుంటాయి. వాటి దగ్గర దిమ్మలూ పొడుగు స్ప్రింగులూ వేస్తే బండి ఒళ్ళు పైకి లేస్తుంది. కానీ వెనక చక్రాల మధ్య ఇరుసు మీద డిఫరెన్షియల్ అని ఒక ఇనప ఉండ ఉంటుంది. రాయి తగిలేది దానికే. లిఫ్ట్ ఎంత పెంచినా అది అంగుళం కూడా లేవదు. అది లేవాలంటే టైరు పెద్దది కావాలి. టైరు రెండంగుళాలు పెద్దదైతే అందులో ఒకటే దానికి దక్కుతుంది, రెండోది ఇరుసుకి పైన ఉండిపోతుంది. ఈ మాట సతీష్ నమ్మలేదు. స్కూటర్ టైరు పక్కన కారు టైరు నిలబెట్టి, నడిమధ్యన వేలు పెట్టి చూపించాల్సి వచ్చింది.

అతని బండికి ఉన్నవి 245/70 ఆర్ 16 టైర్లు. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎన్నో వంతు గోడ ఎత్తు. చివరిది రిమ్ము అంగుళాలు. వాటి బదులు 265/75 వేసుకోమన్నాను. అదీ ఆల్ టెరైన్ రకం, అంటే తారురోడ్డుకీ మట్టికీ సరిపోయేది. అతను అడిగిన మడ్ టైర్లు గట్లు గట్లుగా చూడ్డానికి బాగుంటాయి గానీ, తారురోడ్డు మీద పెన్సిలు తుడిచే రబ్బరులా అరిగిపోతాయి.

మా మెకానిక్ యోహాను ఇరవై ఏళ్ళుగా నా దగ్గరే ఉన్నాడు. బండి కిందికి దూరి చూసి బయటికొచ్చాడు. “అమ్మగారూ, ఈ సైజు వేస్తే స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు లోపల రాసుకుంటాయి. రెండంగుళాలైనా లేపాలి.”

“రెండే,” అన్నాను సతీష్‌తో. “నాలుగైతే మలుపులో తూగుతుంది. ఆర్టీవో ఆఫీసులో ఫిట్‌నెస్ పరీక్ష దగ్గర కూడా ఆపుతారు. పైగా కొమ్మలు తగుల్తాయి. నీ తోటలో కొమ్మలు ఎంత ఎత్తులో ఉన్నాయి?”

“కింది కొమ్మలు కొట్టించేశారండీ. లారీ కూడా దూరుద్ది.”

వాగు ఎంత లోతని అడిగాను, రాళ్ళు ఎంతెంత ఉన్నాయని అడిగాను. అడగాల్సినవన్నీ అడిగాననే అనుకున్నాను. చివర్లో అతను బరువు వేసినప్పుడు వెనక కుంగకుండా కమాన్లలో ఇంకో పట్టీ వెయ్యమన్నాడు. సరుకు మోసే బండి కదా అని సరేనన్నాను. కొత్త పట్టీ వేస్తే ఖాళీ బండి వెనక ఇంకో అంగుళం లేస్తుంది. టైరుది ఒకటి, లిఫ్టుది రెండు, పట్టీది ఒకటి. నేను ముందు గుమ్మంలో వద్దన్న నాలుగంగుళాలూ దొడ్డిదారిన వచ్చేశాయి. అలైన్‌మెంట్ చేయించి పంపాం. బండి ముందు నిలబడి ఫోటో తీయించుకుని మరీ వెళ్ళాడు.

మూడో రోజు మధ్యాహ్నం ఫోన్ వచ్చింది.

“మామ్మగారూ, మీరొకసారి తోటకి రావాలి.”

“బండి ఆగిపోయిందా?”

“బండి బానే ఉందండీ. ఆడాళ్ళే ఆగిపోయారు.”

కోసిన కాయ చెట్ల కింద రాసులుగా ఉంది. సాయంత్రానికి మార్కెట్‌కి చేరాలి. కోత కూలీల ముఠా మాత్రం ఎగుమతి, అంటే ట్రేలు బండికెత్తే పని, చేసేది లేదని కూర్చుంది. పక్క తోటవాడు వీళ్ళని తీసుకుపోవడానికి ట్రాక్టరు పెట్టుకుని గట్టు మీద ఎదురుచూస్తున్నాడు. కోతల్లో ఒక ముఠా చెయ్యి జారితే మళ్ళీ దొరకదు. ముఠా పోతే కాయ చెట్టునే పండుతుంది, మొదటి ఏడే కౌలు మునుగుతుంది. సతీష్ గొంతులో అదంతా వినిపించింది. నేను వెళ్ళింది జాలితోనే కాదు. ఫలానా కొట్లో పని చేయించుకుంటే కూలీలు లేచిపోయారన్న మాట మార్కెట్లో పుడితే నా గతేమిటి? యోహానునీ సామాన్లనీ ట్రాలీ ఆటోలో వేసుకుని బయల్దేరాను.

వెళ్ళేసరికి ఎనిమిదిమంది ఆడవాళ్ళు చెట్టు నీడన వక్కాకు నములుతున్నారు. ముఠా పెద్ద పేరు నాగమణి. యాభై ఏళ్ళుంటాయి, పొట్టి మనిషి. నన్ను చూసి లేచింది గానీ తొందరపడలేదు.

“బండిని పెంచింది మీ కొట్లోనేనంట కదా పెద్దమ్మగారూ?”

“అవును.”

“మంచిది. మమ్మల్ని కూడా ఓ బెత్తెడు పెంచండి. ఎక్కిస్తాం.”

మిగతా ఏడుగురూ నవ్వారు. సతీష్ టైరు వైపు చూస్తూ నిలబడ్డాడు.

అప్పుడే కోసిన మామిడికాయ తొడిమ నుంచి సొన కారుతుంది. అది ఒంటికి తగిలితే కాలి పుండు పడుతుంది. అందుకని ఇక్కడి ఆడవాళ్ళు కాయల ట్రేలు నెత్తిన పెట్టుకోరు. ఇద్దరు చెరో చెవీ పట్టుకుని, ఒంటికి దూరంగా ఉయ్యాల ఊపినట్టు ఊపి, ఊపులోనే బండి మీదికి వదులుతారు. ఆ ఊపుకి ఒక ఎత్తు ఉంది. అంతకు మించితే చెయ్యి వెళ్ళదు. నాగమణి ఇద్దరిని లేపి చూపించమంది. వాళ్ళు ఊపి వదిలితే ట్రే వెళ్ళి బండి అంచుకి ఠంగున కొట్టుకుని, నాలుగు కాయలు కింద దొర్లాయి.

“ఈ కాయ రెండో రోజుకి నల్లబడుద్ది,” అంది నాగమణి. “అప్పుడు బాబు మమ్మల్నే అంటాడు, మీరే కొట్టారని.”

“బెత్తెడే కదా అక్కా,” అన్నాడు సతీష్.

“బెత్తెడే బాబూ. పొద్దుట్నుంచి సందేళ దాకా ప్రతి ట్రేకీ బెత్తెడు. ఓ పదిసార్లు నువ్వు ఊపి చూడు, ఆనక మాట్లాడుకుందాం.”

నేనొక ఉపాయం చెప్పాను. ఖాళీ ట్రేలు బోర్లించి మెట్టులా వేసుకోమన్నాను. వాళ్ళలో అందరికంటే చిన్నది ఎక్కింది. చేతిలో బరువు ఊగేసరికి కాలికింద ట్రే జరిగి, వెళ్ళి కాయల రాశిలో కూర్చుంది. దెబ్బ తగల్లేదు గానీ, ఇక నన్నెవరూ ఉపాయం అడగలేదు.

“లిఫ్ట్ ఇప్పుడే తీసేయండి మామ్మగారూ,” అన్నాడు సతీష్.

“ఇక్కడ ఎలా తీస్తామండీ?” అన్నాడు యోహాను. “నేల మెత్తగా ఉంది, జాకీ దిగిపోద్ది. కొట్లో ర్యాంపు మీద పెట్టినా పూట పని.”

గట్టు మీద ట్రాక్టరువాడు ఒకసారి హారన్ కొట్టాడు. నాగమణి అటు చూసి, ఇటు బండి చూసి, చెట్టు పాదు వైపు చూసింది.

“మేం పైకి లేవం. బండే కిందికి దిగాలి. రెండు గుంటలు తీసి వెనక చక్రాలు అందులో పెట్టు.”

సతీష్ మొహం వెలిగింది. “అయితే తవ్వండక్కా.”

“తవ్వకం మాది కాదు బాబూ. మాది కోతా, ఎగుమతీ.”

కొత్త బూట్లతో సతీష్ ఒక గుంట, యోహాను ఒక గుంట మొదలుపెట్టారు. జానెడు లోతు. ఎనిమిదిమందీ నిలబడి పని చేయించారు.

“ఎడంపక్క లోతు చాల్లేదు, బండి ఒరుగుద్ది.”

“పారతో ఫోటో దిగవా బాబూ?”

“పోనీలేవే, ఎరువుల కొట్లో కూర్చున్న ఒళ్ళు. చెమట పట్టనీ.”

బండి వెనక్కి వచ్చి గుంటల్లో కూర్చుంది. ఎత్తు పెంచడానికి నాకు డబ్బిచ్చిన మనిషి, దించడానికి తనే మట్టి తవ్వుకున్నాడు. ఇంత కాలంలో ఇలాంటి పని నేను చూడలేదు. అక్కణ్ణించి ట్రేలు ఒకదాని వెనక ఒకటి తేలికగా ఎక్కాయి. ఒక్క కాయ దొర్లలేదు. ట్రాక్టరువాడు కాసేపు చూసి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు బరువుతో గుంటలోంచి బయటికి రావాలి. సతీష్ ‘ఫోర్-లో’ అనే గేరు వేశాడు. అందులో నాలుగు చక్రాలూ మెల్లగా, మహా బలంగా తిరుగుతాయి. బండి మూలిగి, మట్టి చిమ్మి, గట్టెక్కింది. అతను కిటికీలోంచి తల బయట పెట్టాడు.

“చూశారా మామ్మగారూ? ఆ టైర్లూ లిఫ్టూ లేకపోతే ఈ గుంటలోంచి వచ్చేదా?”

“అవి లేకపోతే ఈ గుంటే ఉండేది కాదు,” అన్నాను.

కోతల మధ్య ఒక పూట బండి ఆపడం కుదరక తర్వాత వారం అలాగే సాగింది. బండి ఎక్కడ ఆగితే అక్కడ రెండు గుంటలు. ఒకరోజు తోట యజమాని పెద్దాయన వచ్చి, చెట్టు చెట్టుకీ తవ్వి ఉండటం చూసి, “ఏమయ్యా, లంకెబిందెలు దొరికాయా?” అని అడిగాడట. తెగిన వేళ్ళు కనబడ్డాక మాత్రం నవ్వలేదు. ఇంకొక్క గుంట తవ్వితే కౌలు రద్దు అని చెప్పి వెళ్ళాడు.

మర్నాడు ఉదయమే సతీష్ పికప్ మా ర్యాంపు ఎక్కింది. ఈసారి పక్క సీట్లో నాగమణి ఉంది. ఎంత దించాలో తనకి తెలీదని, తెలిసిన మనిషిని తెచ్చానని అన్నాడు. అతను నేర్చుకున్నాడని నాకు అప్పుడే అర్థమైంది.

యోహాను ముందు కొత్త పట్టీ తీశాడు. బండి నేల మీదికి దించాం. నాగమణి వెనక నిలబడి, “ఖాళీ చేతుల్తో చూస్తే తెలీదమ్మగారూ,” అంది. బండిలోంచి ఒక ట్రే తీసి, అందులో పాత నట్లూ తుక్కు ఇనుమూ కాయల బరువంత వేయించాను. రెండో చెవి పట్టుకోవడానికి యోహాను వస్తే ఆమె వద్దంది. “నువ్వు పొడుగు. నాతో సమానంగా ఉండేది అమ్మగారే.”

కొట్టు ముందు నలుగురు చూస్తుండగా కొంగు బిగించి ట్రే చెవి పట్టుకున్నాను. ఊపాం. అంచుకి కొట్టుకుని వెనక్కి వచ్చింది. భుజంలో ఏదో కలుక్కుమంది. టైర్ల మధ్య ఇన్నేళ్ళున్నాను, బండి ఎంత లేపాలో మనుషులకి చెప్పాను. ఆ అంగుళం ఎక్కడ పడుతుందో మాత్రం అప్పుడే ఒంటికి తెలిసింది.

నాగమణి నోరు తెరవకముందే, “యోహానూ, లిఫ్ట్ దిమ్మలు కూడా తీసెయ్,” అన్నాను.

“టైర్లు రాసుకుంటాయమ్మగారూ.”

“అయితే 265/70 వెయ్యి.” అవి రాసుకోవు. బండిని లేపేది అర అంగుళమే, రాళ్ళకి అది చాలు. పది రోజులే తిరిగిన టైర్లు గనక వెనక్కి తీసుకున్నాను, అదీ కొంత తగ్గించుకునే. మళ్ళీ ఊపాం. ట్రే వెళ్ళి బండి మీద నిమ్మళంగా కూర్చుంది. నాగమణి చేతులు దులుపుకుంది. సతీష్ ముగ్గురికీ టీ చెప్పాడు. కాపు అయ్యేదాకా ఆ ముఠా అతని తోటలోనే ఉంది, ఆ తోటలో మళ్ళీ పార దిగలేదు.

ఆ ట్రే సతీష్ తీసుకెళ్ళలేదు. ఇనుముతో సహా ఇప్పటికీ ర్యాంపు పక్కనే ఉంది. లిఫ్ట్ కావాలని వచ్చినవాడితో ముందు అది ఊపిస్తాను, బరువు ఎవరు ఎక్కిస్తారో ఆ మనిషిని తీసుకు రమ్మంటాను. సగం మంది మళ్ళీ రారు. వచ్చినవాళ్ళు ఆడవాళ్ళని వెంటబెట్టుకుని వస్తారు. వాళ్ళు కొట్లో కూర్చుని, బండి చుట్టూ తిరిగి, “ఇది చాల్లే” అంటారు. లిఫ్ట్ కిట్ల వ్యాపారం దాదాపు పోయింది. టైర్లు మాత్రం కొంటున్నారు.