స్టెన్సిల్ మీద నేను మార్చిన వాక్యం

రాజ్యలక్ష్మి రాసిన సైన్సు వ్యాసంలో ఒక వాక్యాన్ని ఆమెకు చెప్పకుండా నేను మార్చాను. అది తప్పని తేలినప్పుడు, ఆమే అలా రాసిందని నలుగురి ముందూ అబద్ధమాడాను. ఇంతే. ఈ రెండు మాటలూ నోటిదాకా వచ్చి వెనక్కి పోతుండగానే నేను ముసలివాణ్ణయ్యాను.

మీకెందుకు చెబుతున్నాను? మీరు నన్నెరగరు. అందుకే చెప్పగలుగుతున్నానేమో.

మా మార్కాపురం తాలూకాను కర్నూలు నుంచి తీసి కొత్త జిల్లాలో కలిపిన తొలి రోజులవి. సైన్సును తెలుగులో రాయాలనే పిచ్చి ఉన్నవాళ్ళం ఒక సంఘం పెట్టుకున్నాం. పలకల దుకాణం వెనక గదిలో కూడేవాళ్ళం. అందరం తెచ్చిపెట్టిన పుస్తకాలు, ఒక లావుపాటి నిఘంటువు, మా పత్రిక ప్రతులు తీసుకునే పాత సైక్లోస్టైల్ మిషను. మా ఆస్తి అదే. పొదిలి నుంచి, యర్రగొండపాలెం నుంచి బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఎవరేది రాసినా పైకి చదవాలి, మిగతావాళ్ళు అడ్డప్రశ్నలు వేయాలి. సరేననుకున్నాక, రాసినవాళ్ళను అడక్కుండా ఒక్క అక్షరం ముట్టుకోకూడదు. ఈ నియమం పట్టుబట్టి పెట్టించింది ఎవరనుకున్నారు? నేనే.

నేను బడికి పోయింది తక్కువ. పాత పుస్తకాలు కొని, అర్థమయ్యేదాకా మళ్ళీ మళ్ళీ చదివి నేర్చుకున్నాను. డిగ్రీలున్నవాళ్ళు నా ఉచ్చారణకు నవ్వితే ఒళ్ళు మండేది. ఇప్పటికీ మండుతుంది, దాచను. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని, పత్రికంతా స్టెన్సిల్ అనే మైనపు కాగితం మీద రాసే పని నాకిచ్చారు.

రాజ్యలక్ష్మి రాచర్ల దగ్గర బళ్ళో టీచరు. ఫ్లోరైడు ఉన్న బోరునీళ్ళు తాగి పిల్లల పళ్ళు గారపట్టడం, పెద్దల నడుములు వంగిపోవడం గురించి రాసి చదివింది. “మరి నీళ్ళను ఏం చేయాలి?” అని ఎవరో అడిగారు. దానికి జవాబుగా ఒక పేరా రాసి తర్వాత నాకు పంపింది. కాచినంత మాత్రాన ఫ్లోరైడు పోదని అందులో ఉంది. అది చూసింది నేనొక్కణ్ణే.

నాకు కోపం వచ్చింది. నీళ్ళు కాచి తాగమని ఊరూరా చెబుతుంటే, కాచి లాభం లేదంటుందా ఈ పిల్ల? కలరా వస్తే ఎవరు జవాబుదారీ? ఒక కార్డు రాసి ఆమెనే అడగొచ్చు. మా అలమారాలోనే ఉన్న రసాయనశాస్త్రం పుస్తకం తెరవొచ్చు. రెండూ చేయలేదు. బాగా కాచి తాగితే ఫ్లోరైడు పోతుందని రాసేసి, ఆమె కాగితాన్ని ఎప్పటిలాగే దుకాణంలో బలపాల పొట్లాలకు ఇచ్చేశాను. నిజంగా కలరా భయమేనా? నాకు తెలియనిది ఒక టీచరమ్మకు తెలియడమేమిటన్న పొగరు కాదూ?

పత్రిక ఊళ్ళకు వెళ్ళింది. తర్వాతి సమావేశానికి ఒక కాలేజీ లెక్చరరు వచ్చి ఆ పేజీ తీశాడు.

“ఏందమ్మా ఇది? ఉప్పునీళ్ళు కాస్తే ఉప్పు పోతాదా? నీళ్ళు తగ్గి ఇంకా చిక్కనవుతాది గదా!”

గదంతా నవ్వింది. అంత చిన్న సంగతి నాకెందుకు తట్టలేదు?

“నేనట్ల రాయలేదు సార్,” అంది రాజ్యలక్ష్మి.

“మరి మిషనే రాసుకునిందా?”

ఆమె నావైపు తిరిగింది. “అన్నా, నువ్వన్నా చెప్పు. నేనేం రాసిచ్చినా నీకు?”

“నువ్వు రాసిచ్చిందే దించినా తల్లీ.”

తల్లీ అని కూడా అన్నాను.

ఒప్పుకుంటే, బడికి పోనివాడికి పత్రిక ఇస్తే ఇంతేనంటారని భయపడ్డాను. నా ఒక్కడి పరువు కోసం ఆమెను నవ్వులపాలు చేశాను. ఇకమీదట ఆమె వ్యాసాలను లెక్చరరు చూశాకే వేయాలని తీర్మానించారు. నేనూ చెయ్యెత్తాను. ఆమె టీ కూడా తాగకుండా లేచిపోయింది. మళ్ళీ సంఘానికి రాలేదు. మళ్ళీ ఏదైనా రాసిందేమోనని ఏళ్ళ తరబడి పత్రికల్లో వెతికాను. ఎక్కడా ఆమె పేరు లేదు. నీళ్ళ గురించి అంత తేటగా రాయగలవాళ్ళు మాలో ఇంకొకరు లేరు. నేనైతే రాస్తూనే ఉన్నాను. శాలువాలు కప్పారు. కప్పించుకున్నాను.

ఆ సంచిక చదివి ఎందరు తల్లులు కట్టెలు తగలేసి, మరింత చిక్కబడ్డ నీళ్ళను పిల్లలకు పోశారో తెలియదు. తెలుసుకునే ధైర్యం చేయలేదు.

ఆమె గిద్దలూరులో ఉంటోందని ఈ మధ్యే తెలిసింది. వెళ్ళాను. వసారాలో చాట పెట్టుకుని కందిపప్పు ఏరుకుంటోంది. కూర్చోమన్నా కూర్చోకుండా, నిలబడే మొత్తం చెప్పాను. క్షమించమని అడగడానికి మాత్రం నోరు రాలేదు. అయినా ఇన్నేళ్ళకు గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఆ సుఖానికీ సిగ్గుపడ్డాను. ఆమె ఏరడం ఆపి నన్ను చూసింది.

“నాకెందుకు చెప్తాండావన్నా? అది నేను రాయలేదని నాకు తెల్వదా? ఆ నీళ్ళు కాచుకున్నోళ్ళకు చెప్పినావా? దిద్దుబాటు వేసినారా, తర్వాత సంచికలో?”